గెంతే ట్రక్కులో ఉన్నదీ మన టిప్పర్ జాకీయే

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం సంచికలో ముందు చక్రాలు గాల్లోకి లేపి నిలబడిన ఒక పికప్ ట్రక్కు ఫొటో, దాని కింద పది పన్నెండు లైన్ల వార్త వేశారు. విజయవాడలో ఉంటున్న మా నాన్న ఆ ముక్కకు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. కింద ఒకటే మాట: ‘నీ బండి పేపర్లో పడింది.’ అది నా బండి కాదు గానీ, దాని వరసే. కాలిఫోర్నియాలో రౌడీ మూకలు తిరిగే బండి అని రాశారు. రిమోట్ నొక్కితే చాలు, దానంతట అదే గెంతుతుందన్నారు. చివర్లో, మన కుర్రాళ్లూ త్వరలో చేయించుకుంటారేమో అని ఒక సరదా మాట. ఇలాంటి బండి ఒకటి నా ఇంటి ముందే ఉంది. దాని కింద పడుకుని, ఒళ్లంతా ఆయిల్ పూసుకుని ఎన్ని శనివారాలు గడిపానో మా ఆవిడను అడిగితే చెబుతుంది. అందుకని ఈ ఉత్తరం.

మాది విజయవాడ. జవహర్ ఆటోనగర్‌లో నాన్న ముప్పై ఏళ్లకు పైగా టిప్పర్ జాకీల పని చేశారు. ఇసుక లారీల తొట్టిని ఆయిల్ ప్రెషర్‌తో పైకెత్తే జాకీలన్నమాట. వేసవి సెలవుల్లో విప్పిన సామాను డీజిల్లో కడగడం నా వంతు. వాల్వు లోపల వేలు పెట్టి గీత పడిందేమో చూడమనేవారు. చూసేవాణ్ని గానీ మనసు పెట్టలేదు. చదువుకుని, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో పడి, శాన్ హోసే వచ్చి పద్నాలుగేళ్లయింది. 2021లో మా వీధిలోనే, రెండిళ్ల అవతల ఉండే మెక్సికన్ పెద్దాయన తన 1994 షెవర్లే ఎస్-10 అమ్ముతున్నాడని తెలిసింది. పళ్లు, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయిల్ ప్రెషర్‌తో బండిని లేపి దించే సామాను, అదే హైడ్రాలిక్స్, స్వయంగా బిగించుకున్నాడు. మోకాళ్లు పోయి ఇక కింద పడుకోలేక అమ్మేస్తున్నాడు. నేను వెళ్లి, ఇంజన్ సంగతి అడక్కుండా ముందు ఆయిల్ ట్యాంకు మూత తీసి వాసన చూశాను. అది చూసి నవ్వి, ధర తగ్గించాడు.

వార్తలో ‘రిమోట్’ అన్నారు గానీ, నా దగ్గర ఉన్నది తీగకు వేలాడే స్విచ్చుల డబ్బా. స్విచ్చు నొక్కితే సొలినాయిడ్ అనే పెద్ద కరెంటు స్విచ్చు కలుస్తుంది. సొలినాయిడ్ మోటారుకు కరెంటు ఇస్తుంది. ఆ మోటారు మన లారీల సెల్ఫ్ మోటారుకు అన్నలాంటిది. అది గేర్ పంపును తిప్పితే, ఆయిల్ చెక్ వాల్వు దాటి, హోస్ పైపులో పోయి, చక్రం దగ్గర నిలబెట్టిన సిలిండర్‌లోకి దూరి బండిని లేపుతుంది. చెక్ వాల్వు ఉన్నందుకు అది వచ్చిన దారిన వెనక్కి పోలేదు. దింపాలంటే డంపు అనే ఇంకో వాల్వు తెరవాలి. బండి బరువే ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి తోసేస్తుంది. టిప్పర్‌లో అయితే పంపును గేర్‌బాక్సు నుంచి పీటీఓ (ఇంజన్ బలాన్ని పంపుకు అందించే జోడింపు) తిప్పుతుంది, ఇక్కడ బ్యాటరీలు తిప్పుతాయి. నాకు కనిపించే తేడా అంతే. నా బండిలో క్యాబిన్ వెనక తొట్టిలో రెండు పంపులు (ముందుకొకటి, వెనక్కొకటి), రెండు డంపులు, నాలుగు బ్యాటరీలు ఉన్నాయి. బ్యాటరీ ఒక్కొక్కటి పాతిక కిలోల పైనే. ముందు పంపుకు నాలుగూ వరసగా కలిపి 48 వోల్టులు, వెనక పంపుకు 24. వెనక కమాన్ కట్టలు తీసేసి, వాటి బదులు రాడ్లు, స్ప్రింగులు, వాటి మీద సిలిండర్లు పెట్టారు.

కిందటేడాది వేసవిలో ఒక పేచీ మొదలైంది. సాయంత్రం బండిని పైకి లేపి వదిలేస్తే, తెల్లారేసరికి తోక కిందకు దిగిపోయి, గేదె కూర్చున్నట్టు కూర్చునేది. ముక్కు మాత్రం లేపినచోటే ఉండేది. ఊళ్లో ఉన్న ఒక షాపుకు తీసుకెళ్లాను. పేరు ఎందుకులెండి. సిలిండర్ల సీళ్లు పోయాయని మార్చారు. నాలుగు రోజులకు మళ్లీ అదే. చెక్ వాల్వు అన్నారు, మార్చారు. మళ్లీ అదే. మూడోసారి పంపు పాతబడిందన్నారు, దాన్నీ మార్చారు. మూడు బిల్లులూ కలిపి 1,100 డాలర్లు దాటింది. తోక మాత్రం రోజూ తెల్లారేసరికి నేల మీదే.

ఆదివారం నాన్నకు వీడియో కాల్ చేశాను. మాటల్లో ఈ గోల చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘ఒరేయ్, ఆయిల్ ఎటు పోతోంది?’

తెలియదన్నాను.

‘ఎటు పోతోందో తెలీకుండా మూడు సామాన్లు ఎట్లా మార్చారురా?’

అటు షాపువాళ్ల దగ్గరా ఇటు నా దగ్గరా దానికి జవాబు లేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పు దొరక్కపోతే ఒకసారికి ఒకటే మార్చి చూడాలని నా కింద పనిచేసే పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ని నేనే!

నాన్న చెప్పిన లెక్క ఇది. లేచి ఉన్న సిలిండర్‌లోంచి ఆయిల్ బయటపడటానికి మూడే దారులు. ఒకటి, సీలో హోస్ పైపో లీకై నేల మీదకు. రెండు, డంపు సరిగ్గా మూసుకోక ట్యాంకులోకి. మూడు, చెక్ వాల్వు పట్టు వదిలితే, పంపు గేర్ల మధ్య నుంచి వెనక్కి మళ్లీ ట్యాంకులోకే. ఈ బండి సిలిండర్లకు ఆయిల్ ఒక వైపు నుంచే వెళ్తుంది కాబట్టి సీలు పోతే తడి బయటికి కనపడి తీరాలి. ముందు అది తేల్చమన్నారు. రాత్రి వెనక చక్రాల దగ్గర, పైపుల కింద అట్టముక్కలు పరిచాను. ట్యాంకులో ఆయిల్ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టాను. పొద్దున అట్టలు పొడిగా ఉన్నాయి. ట్యాంకులో ఆయిల్ మాత్రం గీత దాటి రెండు వేళ్ల ఎత్తు లేచింది. అంటే చుక్క కూడా బయటకు పోలేదు. మొదటి బిల్లు అక్కడే దండగ అయిపోయింది.

అట్టముక్కలంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం అడ్డొచ్చినా చెప్పాల్సిన మాట. హోస్ పైపుకు సూది బెజ్జమంత చిల్లు పడితే లోపలి ప్రెషర్‌కు ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. దాన్ని వదిలేస్తే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. వెంటనే సర్జరీ చేసే ఆసుపత్రికి పోవాలి. అందుకే లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. నాన్న షెడ్డులో ఈ సంగతి తెలియని కాలంలో ఒకాయన చూపుడు వేలు పోగొట్టుకున్నాడు. ఆయన టీ గ్లాసు పట్టుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఇక మిగిలినవి డంపు, చెక్ వాల్వు. చెక్ వాల్వు ఇప్పుడే కొత్తది వేశారు కదా అన్నాను. ‘కొత్తదైతే మంచిదని రూలు ఉందా?’ అన్నారు నాన్న. ‘వెనక డంపు తీసి ముందు పెట్టు, ముందుది వెనక పెట్టు. రోగం డంపుదైతే దాంతోపాటే ముక్కులోకి పోతుంది. తోకలోనే ఉంటే డంపు మంచిదే, అప్పుడు చెక్ వాల్వు విప్పు.’ పైసా ఖర్చు లేని పరీక్ష. బండిని పూర్తిగా కిందకు దించి, బ్యాటరీల గ్రౌండు (మైనస్ వైపు కేబుల్) తీసేసి, లైన్లో ప్రెషర్ లేదని చూసుకుని, రెండు డంపులూ అటుదిటు చేశాను. పానా తిప్పడం సంగతేమో గానీ, తొట్టిలో వంగి వంగి నడుము పట్టేసింది. మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో బయటకు వచ్చేసరికి తోక నిటారుగా నిలబడి ఉంది. ముక్కు నేలను తాకుతోంది. ఎదురింటి పిల్ల వాళ్లమ్మతో ‘ట్రక్కు దణ్ణం పెడుతోంది’ అని ఇంగ్లిష్‌లో అనడం నాకు వినిపించింది.

డంపు విప్పి లోపలి సీటు మీద టార్చి వేసి చూస్తే, వెంట్రుకకన్నా కొంచెం లావు, గోరంత పొడవు ఉన్న తెల్లని పీలిక ఒకటి అడ్డంగా పడి ఉంది. టెఫ్లాన్ టేపు ముక్క. దాని వల్ల వాల్వు పూర్తిగా మూసుకోక, రాత్రంతా ఆయిల్ కొద్దికొద్దిగా ట్యాంకులోకి జారుతోంది.

షాపువాళ్ల మీద అప్పటిదాకా నాకున్న కోపం అక్కడ కాస్త ఇరకాటంలో పడింది. ఎందుకంటే ఆ టేపు చుట్టింది నేనే. ఆ వేసవి మొదట్లో వెనక లైన్లో ఒక ఫిట్టింగు దగ్గర తడి కనపడితే, ఇంట్లో కుళాయికి వాడగా మిగిలిన టేపు తెచ్చి మరల మీద నాలుగు చుట్లు చుట్టి బిగించాను. ఆ సంగతి షాపులో చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. నాన్నకు చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘నీళ్ల కుళాయికి చుట్టేది జాకీకి చుట్టమని ఎవడు చెప్పాడ్రా? అది పీలికలై లోపలికి పోకుండా ఎక్కడికి పోతుంది?’ అన్నారు. మరలకు పూసే పేస్టు సీలెంటు వేరే ఉంటుంది. అదీ మొదటి రెండు మరలు వదిలేసి పూయాలి. బండి అమ్మిన మెక్సికన్ పెద్దాయనకూ చూపించాను. ‘అయ్యో, మిహో’ అని తల పట్టుకున్నాడు. మిహో అంటే వాళ్ల భాషలో ‘ఒరే అబ్బాయ్’ లాంటి పిలుపు. లైన్లు కడిగి, పాత ఆయిల్ తీసేసి, 32 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ కొత్తది పోశాను. రెండు మూడుసార్లు లేపి దింపితే లైన్లలో చిక్కుకున్న గాలి బుడగలు ట్యాంకులోకి వచ్చి పోయాయి. తోక ఇప్పుడు వారం రోజులైనా లేపినచోటే ఉంటుంది.

అయినా షాపువాళ్లను పూర్తిగా వదలను. నేను చెప్పకపోయినా, మొదటి రోజే ట్యాంకు మట్టం చూసి ఉంటే ఆయిల్ లోపలే తిరుగుతోందని తెలిసేది. లక్షణం చూసి సామాను పేరు చెప్పేయడం అన్ని ఊళ్లలోనూ ఉన్న జబ్బే. ఫ్రిజ్జు బాగుచేసేవాళ్ల దగ్గర చూస్తాం, బోరు మోటారువాళ్ల దగ్గరా చూస్తాం.

కరెంటు వైపు పేచీ అయితే ఇంకో రకం. ఈ ఏడాది ఉగాదికి ముందు రోజు మన సరుకుల కొట్టుకు వెళ్లాను. మామిడికాయ, వేపపువ్వు, కొత్త చింతపండు సంచిలో పెట్టుకుని వచ్చి, పార్కింగులో ఎవరో పిల్లలు అడిగారు కదా అని ముక్కు ఒకసారి లేపాను. స్విచ్చు వదిలేసినా మోటారు ఆగలేదు. ముక్కు పూర్తిగా లేచిపోయింది, పంపు ఇంకా అరుస్తూనే ఉంది, కాలిన వాసన మొదలైంది. వేపపువ్వు సంచి నేల మీద పడేసి తొట్టిలోకి ఎగబాకి గ్రౌండు డిస్కనెక్ట్ లాగేశాను. బ్యాటరీల నుంచి గ్రౌండుకు పోయే లావుపాటి కేబుల్ మధ్యలో, ఒక్క లాగుతో ఊడిపోయేలా పెట్టే పిడి అది. అది లేకుండా ఈ బండి నడిపేవాడికి నేను స్నేహితుడిని కాను. సొలినాయిడ్ లోపలి రాగి ముక్కలు అతుక్కుపోయాయి. ఆ వారంలో నేను బ్యాటరీలు సరిగ్గా ఛార్జ్ చేయలేదు. వోల్టేజీ చాలకపోతే సొలినాయిడ్ గట్టిగా పట్టుకోదు, టకటక కొట్టుకుంటూ మెరుపులు చిమ్మి, ఆ వేడికి వెల్డింగు పెట్టినట్టు అతుక్కుంటుంది. ఇంటికి ముక్కు పైకెత్తుకునే వచ్చాను. హెడ్‌లైట్లు కొమ్మల మీద పడుతుంటే ఎదురొచ్చేవాళ్లంతా హారన్లు కొట్టారు.

సొలినాయిడ్ మార్చాక కూడా ముక్కు నీరసంగా లేస్తుంటే బ్యాటరీలు చూశాను. ఊరికే ఉన్నప్పుడు నాలుగూ 12.6 చూపించాయి. ఊరికే ఉన్నప్పుడు మంచివాళ్లు కానిదెవరు? బరువు పడ్డప్పుడు చూడాలి. ఒకరిని స్విచ్చు నొక్కమని ఒక్కొక్క బ్యాటరీ మీదా మీటరు పెట్టాను. నాలుగూ ఒకేలా దిగుతున్నాయి, ఏ ఒక్కటీ కూలిపోవడం లేదు. అంటే బ్యాటరీలు మంచివే. అప్పుడు మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొసను మోటారు ఒంటికి ఆనించి మళ్లీ నొక్కమన్నాను. దాదాపు సున్నా ఉండాల్సినచోట మూడు వోల్టులు కనిపించింది. గ్రౌండు కేబుల్ బోల్టు కింద పెయింటు ఉంది. అంత అందంగా రంగు వేసిన తొట్టిని గీకడానికి మనసొప్పక నేనే ఎప్పుడో అలా బిగించాను. గీకి, ఇనుము తేలేదాకా రుద్ది బిగిస్తే ముక్కు ఒక్క ఉదుటున లేచింది.

ఇవన్నీ పేపరుకు ఎందుకు అంటారేమో. మీరు రాసినట్టు ఇది మీట నొక్కితే ఆడే బొమ్మ అయితే నేను ఇన్ని శనివారాలు దాని కింద ఉండేవాణ్ని కాదు.

రౌడీల మాట కూడా అంతే. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో ఒక చట్టం వచ్చింది. చక్రం రిమ్ము అడుగు భాగం కన్నా కిందకు బండిలో ఏ భాగమూ వేలాడకూడదని. బండ్లు నేలబారుగా దించుకుని వారాంతాల్లో నెమ్మదిగా ఊరేగేవాళ్లు ఎక్కువగా మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్లు. చలానాలూ వాళ్లకే. 1959లో రాన్ అగీరే అనే ఆయన తన కార్వెట్‌కు హైడ్రాలిక్స్ బిగించాడు. పోలీసు కనపడితే లేపుకోవచ్చు, పోయాక దించుకోవచ్చు. తొలిరోజుల్లో యుద్ధవిమానాల పాత సామానులోని పంపులు, తరువాత లారీల వెనక సరుకు ఎత్తే పలకల పంపులు వాడారు. పెద్దాయన తన మొదటి పంపు అలాంటి లారీ నుంచి తీసిందేనని చెబుతాడు. శాన్ హోసేలో ఇలా ఊరేగడం మీద ఉన్న నిషేధాన్ని నగర కౌన్సిలు 2022లో ఎత్తేసింది. 2024 జనవరి 1 నుంచి రాష్ట్రమంతటా అలాంటి నిషేధాలూ పోయాయి, ఆ పాత రిమ్ము చట్టమూ పోయింది. ఇక్కడ స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కలిసే చోటికి ఆదివారం సాయంత్రం వస్తే మీకు కనపడేది మనవళ్లను ఒళ్లో పెట్టుకున్న తాతలు, మడత కుర్చీలు, కాల్చిన మొక్కజొన్న కంకులు. రౌడీలను వెతకాలంటే కష్టపడాలి.

మన కుర్రాళ్ల సంగతి మాత్రం సరదాగా వదిలేయవద్దు. ఆ వార్త చూసి మా పిన్ని కొడుకు గుంటూరు నుంచి ఫోన్ చేసి, తన బొలెరో పికప్‌కు ఇలా పెట్టించుకోవాలంటే ఎంతవుతుందని అడిగాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదీగాక వాడు ఆ పికప్‌లో మిర్చి బస్తాలు వేస్తాడు. కమాన్ కట్టలు పీకేసిన బండి మీద బస్తాలేమిటి? వాడికి అదే చెప్పాను, కాస్త అలిగాడు.

ఇంకొక్క మాట నాన్న ప్రత్యేకంగా రాయమన్నారు. టిప్పర్ తొట్టి లేపి కిందకు దూరే ముందు వాళ్లు తుమ్మ దుంగ అడ్డం పెట్టేవారు. జాకీ ఎంత కొత్తదైనా సరే, దుంగ లేకుండా ఎవరినీ దూరనిచ్చేవారు కాదు. నా బండి కింద నాలుగు ఇనుప స్టాండ్లు ఉంటాయి. వీడియో కాల్లో ఆయన ముందు అవి చూపించమంటారు, తరువాతే మాట్లాడతారు.

నాన్న షెడ్డును ఇప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి నడుపుతున్నాడు. పన్నెండు చక్రాల టిప్పర్ ఇసుక తొట్టిని ఎత్తే ఐదంచెల సిలిండర్‌ను విప్పి, కడిగి, సీళ్లు వేసి, సాయంత్రానికి బిగించేస్తాడు. నా బండి సిలిండర్ దాని పక్కన పెడితే సైకిల్ పంపులా ఉంటుంది. మీకు హైడ్రాలిక్స్ ఫొటో కావాలంటే కాలిఫోర్నియా దాకా ఎందుకు, మీ ఫొటోగ్రాఫర్‌ను ఒకరోజు ఆటోనగర్‌కు పంపండి. పొద్దున తొమ్మిది లోపు పంపితే మంచిది. ఆ తరువాత టిప్పర్లు వరస కడతాయి, నిలబడటానికి చోటుండదు.

ఇట్లు,
శాన్ హోసేలో ఉంటున్న ఒక విజయవాడ పాఠకుడు